సగటు ఒక్క డిగ్రీ: వరి సుంకు నుంచి కవళ్ల గుంపు దాకా

1901 నుంచి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైపొర 1951–2015 మధ్య దాదాపు 1 డిగ్రీ వేడెక్కింది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల 0.7 డిగ్రీలే. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదికలోని లెక్కలివి. ఏసీ రిమోట్ మీద ఒక్క నొక్కుడంత తేడా. దీనికేనా ఇంత హడావిడి అనిపిస్తుంది.

చిక్కంతా ‘సగటు’ అన్న మాటలో ఉంది. సగటు ఉష్ణోగ్రతలో ఏ పంటా పండదు, ఏ చేపా ఈదదు. వరికి సుంకు, అంటే పుప్పొడి, పడే ఆ గంట ముఖ్యం. మామిడికి డిసెంబరులో కొన్ని చలి రాత్రులు ముఖ్యం. కవళ్లు అనే చేపలకు మేత దొరికే పైనీళ్లు, తాబేలు గుడ్డుకు పొదిగే కాలంలో నడిమి రెండు వారాలు. సగటున డిగ్రీ పెరిగిందంటే ఏడాది పొడుగునా రోజుకో డిగ్రీ కలిసిందని అర్థం కాదు. ఓర్చుకోగల గీతను దాటే గంటలు, రాత్రులు, వారాలు ఎక్కువయ్యాయని అర్థం. నష్టం జరిగేది ఆ గీత దగ్గరే. అందుకే ఒకే ఊళ్లో, ఒకే విత్తనంతో, పదిహేను రోజుల తేడాతో నాటిన రెండు మళ్లలో ఒకటి నిండు కంకులతో వంగుతుంది, రెండోది గింజ కట్టని తాలుతో నిటారుగా నిలబడుతుంది.

సుంకు పడే గంట

పొట్ట లోంచి కంకి బయటపడ్డాక వరి పువ్వులు పైనుంచి కిందికి, రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. కంకి మొత్తం పూర్తవడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఏ రోజైనా ఈ పని ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం పన్నెండుకూ మధ్యే. ఒక్కో పువ్వు తెరిచి ఉండేది గంటకు అటూఇటూ. దగ్గరికెళ్లి చూస్తే తమాషాగా ఉంటుంది. రేపు ఊక కాబోయే రెండు రేకుల అడుగున చిన్న కండలు రెండుంటాయి. అవి నీరు పీల్చి ఉబ్బి రేకులను పక్కకు నెడతాయి. ఆ సందులోంచి ఆరు సన్నటి కాడలు నిమిషాల్లో పైకి సాగుతాయి. వాటి కొసన వేలాడే తిత్తులు పగిలి పుప్పొడి రాలుతుంది. అదే సుంకు. అందులో అవసరమైనది చాలావరకు ఆ పువ్వులోనే ఉన్న, ఈకలా విచ్చుకున్న కీలాగ్రం మీద పడుతుంది. బయటపడిన పుప్పొడి రేణువు ఆయుష్షు కొద్ది నిమిషాలు మాత్రమే.

తిత్తి పగలాలంటే లోపలి రేణువులు ఉబ్బి గోడను నెట్టాలి, అదే సమయానికి గోడ ఎండి చీలాలి. 35 డిగ్రీలు దాటిన వేడిలో ఈ రెండింటికీ పొత్తు కుదరదు. తిత్తి సగమే చీలుతుంది, లేదా చీలదు. కీలాగ్రం మీద కనీసం పది ఇరవై రేణువులు పడకపోతే గింజ కట్టదు. పువ్వు తెరుచుకున్న వేళ ఈ వేడి ఒక్క గంట ఉన్నా చాలు. మధ్యాహ్నం రెండింటికి 40 డిగ్రీలు కొట్టినా అప్పటికి పువ్వు మూసుకుని ఉంటుంది కాబట్టి ఆ రోజు పూతకు పెద్ద హాని లేదు. అదే ఉదయం పదకొండుకే 36 దాటితే ఆనాటి పూతకు గట్టి దెబ్బే. పేపర్లో వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రత చూసి వరి నష్టాన్ని అంచనా వేయడం కుదరదనేది ఇందుకే.

ఇంకో సున్నితమైన దశ చిరుపొట్ట. కంకి బయటికి రావడానికి తొమ్మిది పది రోజుల ముందు తిత్తిలో పుప్పొడి తయారవుతూ ఉంటుంది. అప్పటి వేడిమి దెబ్బ కంటికి కనిపించదు. కంకి వచ్చాక తాలుగా బయటపడుతుంది.

ఇక్కడే పొరపాటు జరిగి డబ్బు వృథా అవుతుంది. కంకిలో తాలు కనిపించగానే పురుగు అనుకుని మందు కొడతారు. కాండం తొలుచు పురుగైతే కంకి మొత్తం తెల్లబోతుంది, పట్టి లాగితే సులువుగా ఊడి వస్తుంది. కంకినల్లి అయితే గింజల మీద గోధుమ రంగు మరకలు ఉంటాయి. వేడి తాలులో కంకి పచ్చగానే ఉంటుంది, లాగితే రాదు. నిండు గింజల మధ్య తాలు గింజలు చెదురుగా, ఏ రెండు మూడు రోజుల పూత దెబ్బతిన్నదో ఆ భాగంలో గుంపుగా కనిపిస్తాయి. దీనికి మందు లేదు. జరగాల్సింది రెండు వారాల కిందటే జరిగిపోయి ఉంటుంది.

గాలి వేడి, కంకి వేడి ఒకటి కావు. మడిలో నీళ్లుండి గాలి పొడిగా ఉంటే ఆకు, కంకి నీటి ఆవిరిని వదులుతూ తమను తాము చల్లబరుచుకుంటాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ వరి పొలాల్లో కంకి గాలికన్నా ఆరేడు డిగ్రీలు చల్లగా ఉన్నట్టు జపాన్ పరిశోధకులు కొలిచి చూపారు. అంత ఎండలోనూ అక్కడ తాలు అనుకున్నంత రాలేదు. గాలిలో తేమ ఎక్కువైతే ఈ చల్లదనం దొరకదు. కాబట్టి కోనసీమలో 35 డిగ్రీల ఉక్కపోత ఉదయం, నిజామాబాద్‌లో 37 డిగ్రీల పొడి ఉదయం కన్నా వరికి కష్టం కావచ్చు. రైతు చేతిలో ఉన్నది ఒకటే: పూత దశలో మడి ఆరనివ్వకూడదు. రెండంగుళాల నీరు నిలిపితే కంకి తన పని తాను చేసుకుంటుంది. నీళ్లు ఆదా చేసే ఆరుతడి పద్ధతి మంచిదే గానీ, ఈ పది రోజులు మాత్రం దాన్ని పక్కన పెట్టాలి.

రాత్రి వేడి, నూక లెక్క

పగటి ఎండ గింజను కట్టనివ్వదు. రాత్రి వేడి కట్టిన గింజను పాడు చేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన సొంత పొలాల్లో 1979 నుంచి 2003 వరకు నమోదైన వివరాలను పరిశీలించి 2004లో ఫలితం ప్రకటించింది. వేసవి పంట కాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం పడిపోయింది. పగటి గరిష్ఠానికి ఇంత గట్టి సంబంధం కనబడలేదు. పగలు తయారైన పిండి పదార్థంలో కొంత మొక్క రాత్రి ఊపిరికే ఖర్చవుతుంది. రాత్రి వెచ్చబడిన కొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. పైగా గింజ తొందరగా ముదిరిపోయి, పిండి రేణువులు దగ్గరగా పేరుకోక, మధ్య గాలి సందులు మిగులుతాయి. బియ్యం గింజలో అద్దంలా ఉండాల్సిన చోట సున్నంలా తెల్లటి మచ్చ కనిపిస్తుంది. మిల్లర్లు పొట్ట తెలుపు అనేది దీన్నే. మరలో పడగానే ఆ మచ్చ దగ్గరే విరుగుతుంది.

తెలంగాణ యాసంగి (రబీ) వడ్లకు ఇది నిత్యం ఉండే తలనొప్పి. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలన్నది ప్రభుత్వ లెక్క. ఏప్రిల్, మే ఎండల్లో కోసిన ధాన్యం ఆడిస్తే అందులో నూకే ఎక్కువ. పొట్ట తెలుపు ఒక కారణం, పగుళ్లు రెండోది. కోతకొచ్చిన గింజ పగలు ఎండలో బిగుసుకుని, రాత్రి మంచు పీల్చి ఉబ్బి, మళ్లీ ఎండి, లోపల వెంట్రుక వాసి చీలికలు పడతాయి. ఉప్పుడు బియ్యం చేస్తే ఉడికినప్పుడు పిండి జిగురై ఆ చీలికలను అతికేస్తుంది, గింజ నిలుస్తుంది. అందుకే యాసంగి అంటే ఉప్పుడు బియ్యం అయింది. కేంద్రం ఉప్పుడు బియ్యం ఇక తీసుకోనన్నప్పుడు, 2021–22లో, వడ్ల కొనుగోలు మీద రాష్ట్రానికీ కేంద్రానికీ నడిచిన గొడవకు అడుగున ఉన్నది ఈ చీలికే. రాజకీయం సంగతి ఎలా ఉన్నా, గింజ పగలడం మాత్రం ఎండ చేసిన పని.

దీనికి దారి పంచాంగంలోనే ఉంది. కాటన్‌దొర సన్నాలు లాంటి 120 రోజుల రకం కోతకు నెల ముందు పూతకొస్తుంది. జనవరి మొదట్లో నారు పోస్తే పూత ఏప్రిల్ మొదటి వారానికి, అంటే సరిగ్గా గీత దాటే రోజులకు వస్తుంది. డిసెంబరు మొదట్లో పోస్తే పూత మార్చి మొదటి పక్షంలో, కోత ఏప్రిల్ మొదట్లో. నవంబరు రెండో పక్షంలోనే పోస్తే మార్చి ఆఖరుకు కోతలు ముగుస్తాయి, వడగళ్ల బెడదా కొంత తప్పుతుంది. అయితే ముందుకు జరిపితే చలి పట్టుకుంటుంది. ఆదిలాబాద్, మెదక్ వైపు డిసెంబరు చివరి రాత్రులు పది డిగ్రీల దగ్గరకు దిగుతాయి. నారు ఎదగదు, ఎర్రబడుతుంది, జింకు అందక తుప్పు మచ్చలు వస్తాయి. రాత్రి నారుమడి మీద పాలిథీన్ పట్టా కప్పి పొద్దున తీసేయడం, చల్లబడిన నీళ్లు తెల్లారాక తీసి కొత్త నీళ్లు పెట్టడం తప్పదు. కోతలోనూ మెలకువ కావాలి: గింజలో 20–22 శాతం తేమ ఉండగానే కోసి నీడపట్టున నిదానంగా ఆరబెడితే పగుళ్లు తగ్గుతాయి. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటకూడదంటారు కాబట్టి చాలామంది చేలోనే ఎండనిచ్చి కోస్తారు. తేమ పరీక్షలో నెగ్గిన వడ్లు మిల్లులో ఓడిపోతాయి.

విత్తనం వైపు నుంచి జరుగుతున్న ప్రయత్నాల్లో తెలివైనది ఒకటుంది. ఎండను తట్టుకునే రకం కోసం వెతకడం పాత దారి. నగీనా 22 అనే దేశవాళీ రకం అందుకు పేరుపొందింది. రెండో దారి ఎండ ముదరకముందే పని ముగించుకోవడం. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి తెల్లవారగానే పూస్తుంది. ఆ గుణాన్ని ఐఆర్ 64 లాంటి రకాల్లోకి తెచ్చినప్పుడు పువ్వు మామూలు కన్నా గంటన్నర, రెండు గంటల ముందే విచ్చుకుంది. పదకొండు గంటల పని తొమ్మిదింటికే అయిపోతే ఎండ 35 దాటినా వరికి పట్టదు.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మొక్కలకు మంచిదే కదా అన్న వాదన తరచూ వినిపిస్తుంది. సగం నిజం. పారిశ్రామిక యుగానికి ముందు గాలి పది లక్షల పాళ్లలో 280 పాళ్లు (పీపీఎం) ఉన్నది ఇప్పుడు 420 దాటింది. వరి, పత్తి, వేరుశనగ లాంటివి దాన్ని వాడుకోగలవు. మొక్కజొన్న, జొన్న, సజ్జల్లో ఆ వాయువును కూడబెట్టే ఏర్పాటు ముందే ఉంది కాబట్టి వాటికి ఒనగూరేది తక్కువ. కానీ ఆకులో ఆ వాయువును పట్టుకునే రుబిస్కో అనే ఎంజైమ్, వేడి పెరిగిన కొద్దీ దానికి బదులు ఆక్సిజన్‌ను పట్టుకునే పొరపాటు ఎక్కువ చేస్తుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోతుంది. దిగుబడి పెరిగినా గింజలో సారం తగ్గుతుంది. 550 పీపీఎం దగ్గర పెంచిన వరిలో మాంసకృత్తులు సుమారు 8 శాతం, ఇనుము 5 శాతం, జింకు 3 శాతం తగ్గినట్టు 2014లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

మామిడిది తిరగేసిన కథ. దానికి కావాల్సింది చలి. ముదిరిన కొమ్మ కొసన మొగ్గ పూతగా మారాలా చిగురుగా మారాలా అన్నది డిసెంబరు, జనవరి రాత్రులు తేలుస్తాయి. రాత్రి 15 డిగ్రీల దరిదాపుల్లో కొన్ని వారాలుంటే పూత. రాత్రులు వెచ్చగా ఉండి, పైగా డిసెంబరులో ఓ వాన పడితే చిగురు. నూజివీడు తోటల్లో ఒకే చెట్టుకు సగం పూత, సగం ఎర్ర చిగురు కనిపించేది ఇలాంటి ఏడాదే. చలి తక్కువైన చోట కొమ్మ ముదురు ఆ లోటును కొంత పూడుస్తుంది. నాలుగైదు నెలలు నిండిన రెమ్మ వెచ్చటి రాత్రుల్లోనూ పూతకొస్తుంది. కాబట్టి కోత అవగానే జూన్, జూలైలోనే కత్తిరింపులు చేసి చిగురు తెప్పించుకోవాలి, అక్టోబరు నుంచి నీళ్లు ఆపి బెట్టకు ఉంచాలి. మొగ్గ ఉబ్బే వేళ లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారీ చేస్తే పూత ఒక్కసారిగా వస్తుంది. రెమ్మ ముదరకుండా కొడితే వచ్చేది చిగురే, పూత కాదు.

కవళ్లు ఇల్లు మారితే

చెట్టుకు కాళ్లు లేవు కాబట్టి దాని నష్టం ఉన్నచోటే కనిపిస్తుంది. చేప వెళ్లిపోతుంది. ఒక రేవులో నష్టం, ఇంకో రేవులో లాభంలా కనబడుతుంది. లెక్క తేల్చడం కష్టమయ్యేది ఇక్కడే.

మలయాళీలు మత్తి, చాళ అని పిలుచుకునే నూనె కవళ్లు ఒకప్పుడు దాదాపు పూర్తిగా మలబారు తీరపు చేప. నైరుతి రుతుపవనాల గాలికి అక్కడ పైనీరు తీరం నుంచి పక్కకు జరిగి, అడుగునుంచి చల్లని, సారవంతమైన నీరు పైకి వస్తుంది. దాంతో సూక్ష్మ నాచు విపరీతంగా పెరుగుతుంది. అదే కవళ్లకు మేత. 1980ల చివరి వరకు తూర్పు తీరంలో ఈ చేప చెప్పుకోదగ్గంత పడేది కాదు. ఆ తర్వాత తమిళనాడు రేవుల్లో, ఆపైన ఆంధ్ర తీరంలోనూ వలల నిండా పడసాగింది. ఉత్తరానికి గుజరాత్ వైపూ విస్తరించింది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని నీరు వేడెక్కడంతో ముడిపెట్టారు: ఒకప్పుడు ఈ చేపకు మరీ చల్లగా ఉన్న ఉత్తరపు నీళ్లు ఇప్పుడు దానికి సరిపోయే వెచ్చదనానికి వచ్చాయి.

అయితే ప్రతి ఎగుడుదిగుడునూ వాతావరణం ఖాతాలో రాయడం కూడా తప్పే. కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడిన కవళ్లు 2021కి 3,297 టన్నులకు పడిపోయాయి. తర్వాతి ఏళ్లలో మళ్లీ లక్ష టన్నులు దాటాయి. ఒకే దిక్కుగా పెరిగే వేడి ఒక్కటే కారణమైతే ఇలా పడి లేవదు. పసిఫిక్ సముద్రం వేడెక్కిన 2015–16 ఎల్‌నినో, వాన ఎక్కువతక్కువలు, వీటికి తోడు రింగు వలలతో పిల్లల్ని కూడా ఊడ్చేయడం, అన్నీ కలిసిన ఫలితం అది. రెండు మూడేళ్లు మాత్రమే బతికే చేప ఇది. ఒక్క ఏడాది గుడ్లు దెబ్బతింటే మరుసటి ఏడాదే వల ఖాళీ. అందుకే 10 సెంటీమీటర్ల లోపు కవళ్లను పట్టకూడదని కేరళ నిబంధన పెట్టింది. వేడిని ఏ రాష్ట్రమూ ఆపలేదు, వల కన్ను పరిమాణాన్ని మాత్రం నిర్ణయించగలదు.

బంగాళాఖాతానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోనే కలుస్తాయి. మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. ఎండ వేడి ఆ పలుచటి పొరలోనే చిక్కుకుంటుంది. వేడెక్కిన నీరు ఇంకా తేలికవుతుంది, మూత ఇంకా బిగుస్తుంది. అడుగున ఉన్న నైట్రేట్, ఫాస్ఫేట్ పైకి రావు, పైన ఎండ ఉన్నా నాచుకు ఎరువు అందదు. తుపాను వచ్చి కలియబెట్టినప్పుడే ఆ ఎరువు కాస్త పైకొస్తుంది. ఊళ్లను ముంచిన తుపాను తర్వాత వారానికి సముద్రం మీద నాచు పచ్చదనం ఉపగ్రహ చిత్రాల్లో కనబడటం వెనక సంగతి ఇదే.

ఇక ఆక్సిజన్. కిలోకు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల దగ్గర 6.2 దగ్గరే ఆగిపోతుంది. అదే సమయంలో చేప ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే చేప శరీర క్రియల వేగం రెట్టింపవుతుందని స్థూలంగా లెక్క. సరుకు తగ్గి గిరాకీ పెరిగిన బజారు లాంటిది.

పైన వేడైతే చేప కిందికి దిగుతుంది. కానాగంతలు ఇందుకు మంచి ఉదాహరణ. పైనీళ్లలో గుంపులుగా తిరిగే చేప ఇది. 1985–89 మధ్య దేశంలో పడిన కానాగంతల్లో 2 శాతమే అడుగును ఊడ్చే ట్రాలర్లకు చిక్కాయి. 2003–07 నాటికి ఆ వాటా 15 శాతం దాకా పెరిగింది. ఈ మార్పు మత్స్యకారుల మధ్య వాటాలను తిరగరాస్తుంది. ఫైబర్ తెప్ప మీద వెళ్లే నలుగురి వల వేలాడేది పైనీళ్లలో. చేప ముప్పై నలభై మీటర్లు కిందికి జారితే వాళ్ల వల కింద నుంచి వెళ్లిపోతుంది, ట్రాలు వలకు దొరుకుతుంది. చేప సముద్రం వదిలి ఎక్కడికీ పోలేదు, ఒక తరగతి జాలరుల చేతికి అందకుండా పోయింది, అంతే. మరీ లోతుకు దిగడానికీ వీల్లేదు: బంగాళాఖాతంలో వంద మీటర్లు దాటాక ఆక్సిజన్ బాగా తగ్గిపోయే పొర ఉంది. పైన వేడి, కింద ఊపిరాడని నీరు. మధ్యలో చేపకు మిగిలిన గది ఇరుకవుతోంది.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడి, నాచు పచ్చదనం ఆధారంగా చేపలుండే చోట్లను రేవుల వారీగా ముందే చెబుతుంది. చల్లనీరు, వెచ్చనీరు ఒరుసుకునే అంచు వెంట మేత పోగవుతుంది, చేప అక్కడికి చేరుతుంది అన్నది దాని సూత్రం. పనికొచ్చే ఏర్పాటే. కాకపోతే ఉపగ్రహం చూసేది నీటి పైచర్మాన్ని మాత్రమే. లోతుకు జారిన గుంపు దానికి కనబడదు, మేఘం కమ్మితే పైచర్మమూ సరిగా కనబడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో అమలయ్యే 61 రోజుల వేట నిషేధం కూడా చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి పెట్టిందే. చెన్నై తీరంలో నెమిప్టెరస్ జాతి చేపలు గుడ్లు పెట్టడం వేసవి నెలల్లో తగ్గి చలి నెలలకు జరిగినట్టు పరిశోధనలు గమనించాయి. చేపలు క్యాలెండర్ మార్చుకుంటుంటే నిషేధం తేదీలు ఎన్నాళ్లు అక్కడే ఉండాలన్నది అడగాల్సిన ప్రశ్నే.

పారిపోలేనివి

సముద్రంలోనూ చెట్టు లాంటి జీవులున్నాయి. పగడాలు కదలలేవు. ఏడాదిలో అత్యంత వెచ్చని నెల సగటును ఒక డిగ్రీ దాటిన నీరు వారాల తరబడి నిలిస్తే, తమ ఒంట్లో ఉంటూ తిండి పెట్టే నాచును అవి బయటికి తోసేస్తాయి. రంగు పోయి తెల్లబడతాయి. ఆ నెల సగటును దాటిన డిగ్రీలను వారాలతో గుణించి లెక్క కడతారు. అది 4 దాటితే పగడాలు తెల్లబడటం మొదలు, 8 దాటితే చావులు. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024లో ఇది జరిగింది. మధ్య విరామం పన్నెండేళ్ల నుంచి ఆరేళ్లకు, ఎనిమిదేళ్లకు వచ్చింది. దెబ్బతిన్న దిబ్బ మళ్లీ నిలదొక్కుకోవడానికి పదేళ్లు ఎక్కువేం కాదు.

చెరువులో రొయ్య కూడా అంతే, గట్టు దాటి పోలేదు. చెరువుల్లో పెంచే వనామీ రకానికి 28 నుంచి 32 డిగ్రీలు అనుకూలం. 33 దాటాక భీమవరం వైపు చెరువుల్లో రోజుకు రెండు గండాలు. మొదటిది మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేయడంతో పీహెచ్ పెరుగుతుంది, దాంతో అమ్మోనియాలో విషపు వాటా ఎక్కువవుతుంది. ఉప్పు తక్కువ నీటిలో పీహెచ్ 8 ఉన్నప్పుడు 25 డిగ్రీల దగ్గర ఆ వాటా సుమారు 5.4 శాతం, 30 దగ్గర 7.5. పీహెచ్ 8.5కి పెరిగితే 30 డిగ్రీల దగ్గరే 20 శాతం. ఒకే నీరు, ఒకే మొత్తం అమ్మోనియా, విషం మాత్రం దాదాపు మూడింతలు. రెండో గండం తెల్లవారుజామున నాలుగింటికి. రాత్రంతా నాచు, రొయ్య, అడుగు బురద అన్నీ ఆక్సిజన్ తాగుతాయి, నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా కిందికి దిగుతుంది. వెచ్చటి రాత్రి ఆ తాగుడు ఎక్కువ.

చెరువు మీద ఎక్కువగా జరిగే తప్పు మేతది. ఎండకు రొయ్య చురుగ్గా తిరుగుతుంటే ఆకలేసిందని మేత పెంచుతారు. 33 దాటాక అది మేతను సరిగా అరిగించుకోదు, మిగిలింది అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది, పేగు తెల్లబడే వైట్ గట్ జబ్బు వెనకాలే వస్తుంది. మేత తింటున్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో రెండు గంటల తర్వాత కూడా మేత మిగిలితే మధ్యాహ్నం మేత సగానికి తగ్గించి, పొద్దున చల్లటి వేళకు జరపడం మేలు. నీటి లోతు నాలుగడుగులకు తగ్గనివ్వకూడదు. 400–500 కిలోల రొయ్యకు నీటికి గాలి ఎక్కించే ఏరేటర్ ఒక హెచ్‌పీ లెక్కన ఉండాలి, కరెంటు పోతే తిప్పడానికి జనరేటర్ ఉండాలి. వరసగా ఎండ కాసి ఒక్కసారిగా మబ్బు పట్టి వాన పడిన రోజు మరీ జాగ్రత్త: నాచు చచ్చి నీటి రంగు మారుతుంది, వాననీరు మీద పొరలా నిలుస్తుంది, ఆ రాత్రి ఏరేటర్లు ఆపితే తెల్లారేసరికి రొయ్యలు గట్టు వెంట తేలతాయి.

ఇక ఇసుకలోని గుడ్డు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో జనవరి–ఏప్రిల్ మధ్య ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక గుంతలో వంద, నూట ఇరవై, అడుగున్నర లోతున. పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డులో ముందే రాసి ఉండదు, ఇసుక వేడి తేలుస్తుంది. 29–30 డిగ్రీల దగ్గర ఇద్దరూ సమానంగా వస్తారు. దానికి పైన ఆడపిల్లలు, కింద మగపిల్లలు ఎక్కువ. 35 దాటి నిలిస్తే గుడ్డే మురిగిపోతుంది. ఫిబ్రవరి మొదట్లో పెట్టిన గుంతకూ మార్చి చివర పెట్టిన గుంతకూ ఈ లెక్కలో చాలా తేడా వస్తుంది. సంరక్షణ కేంద్రాల్లో గుడ్లను తెచ్చి పాతిపెట్టి, ఎండ ముదిరాక పైన ఆకుపచ్చ నీడవల కడతారు.

ఆ వల ఎప్పుడు కట్టారన్నదే ముఖ్యం. పొదుగు 48 రోజులనుకుంటే లింగం తేలేది నడిమి మూడో వంతులో, అంటే సుమారు 16వ రోజు నుంచి 32వ రోజు లోపు. థర్మామీటరు గుచ్చాల్సింది ఇసుక పైన కాదు, గుడ్లుండే లోతులో, గుంతకు జానెడు పక్కగా. చివరి వారాల్లో పెరుగుతున్న పిల్లల ఒంటి వేడి కూడా గుంతలో కలిసి ఒకటి రెండు డిగ్రీలు పెంచుతుంది, అప్పుడే చాలాచోట్ల నీడ గుర్తొస్తుంది. 33వ రోజున కట్టిన వల పిల్లల ప్రాణం కాపాడుతుంది. అప్పటికే ఆడో మగో తేలిపోయి ఉంటుంది.